ఆకుకూరల ఒరుగులు

ఆకుకూర కట్టకు ఉదయమున గల విలువ సాయంకాలమున ఉండదు. పాలకూర యైనను, తోటకూర యైనను కోసినది మొదలు నీరు కోల్పోవుచునే యుండును. వేసవిలో ఒక పూట గడచుసరికి వాడిపోవును. హైదరాబాదు నగరపు తూర్పు భాగమున, దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ పరిసరములలో కూరగాయలు కొనువారికిని, అమ్మువారికిని ఇది దినదినము కనబడు సంగతియే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999 జనవరి 26న ఆరంభమైన రైతుబజారుల పథకము క్రింద ఏర్పడిన బజారులలో సరూర్‌నగర్ బజారు ఒకటి. హయత్‌నగర్, అబ్దుల్లాపూర్‌మెట్, ఇబ్రహీంపట్నం వైపు పల్లెలనుండి చీకటితోనే బయలుదేరి వచ్చిన రైతు స్త్రీ మాపటివేళ మిగిలిన కట్టలను వచ్చిన ధరకు ఇచ్చివేయవలెను; లేదా పశువులకు వేయవలెను. వాటిని తిరిగి ఇంటికి మోసికొనిపోవుటలో ప్రయాసయే తప్ప ఫలితము లేదు.

ఇది మాఘ ఫాల్గుణ మాసముల మాట. శ్రావణము వచ్చుసరికి పరిస్థితి తారుమారగును. మడులలో నీరు నిలిచి లేత ఆకు కుళ్లిపోవును. బజారునకు వచ్చిన కొద్దిపాటి కట్ట చిన్నదిగాను, బురదతోను ఉండును. ధర మాత్రము పెద్దదిగా ఉండును. అందుచేత వానకాలమున అనేక కుటుంబముల విస్తరిలో ఆకుకూర కనబడదు. ఒక ఋతువులో పారవేయుదుము. మరియొక ఋతువులో లేదందుము. ఈ రెంటికిని నడుమ వంతెన వేయగల పని మన ఇండ్లలో తరతరములుగా తెలిసినదే. ఆకును ఎండించి దాచుకొనుటయే ఆ పని.

దీనిని కేవలము ధరల విషయముగా భావింపరాదు. 2019-21 సంవత్సరములలో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణలో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57.6 మందికి రక్తహీనత కలదు. ఆరు నెలలు మొదలు అయిదేండ్ల లోపు పిల్లలలో ఈ సంఖ్య నూటికి 70. ఆకుకూరలలో ఇనుము, ఫోలిక్ ఆమ్లము, సున్నము, శరీరములో ఎ విటమినుగా మారు కెరోటిన్ అను పసుపు పదార్థము ఉన్నవి. ఆకుకూర ఒక్కటియే రక్తహీనతను పోగొట్టునని చెప్పుట సరికాదు. ఆకులోని ఇనుము మాంసములోని ఇనుమువలె సులభముగా ఒంటబట్టదు. ఆశా కార్యకర్త ఇచ్చు ఐరన్ మాత్రకు ఇది బదులు కానేరదు. అయినను దినభోజనములో ఆకుకూర ఉన్న ఇంటికిని, నాలుగు నెలలు లేని ఇంటికిని భేదము తప్పక ఉండును.

ఒరుగు అను మాట తెలియని తెలుగు ఇల్లు లేదు. మామిడి ఒరుగులు, వంకాయ ఒరుగులు, దోస ఒరుగులు, కాకర ఒరుగులు వేసవిలో మిద్దెలపై ఎండుచుండుట అందరును చూచినదే. ఆకులలో చింతచిగురును ఈ విధముగా దాచుకొనుట తెలంగాణ పల్లెలలో పాత ఆచారము. చెట్టు చిగిర్చినప్పుడు దూసి, ఎండించి, అరచేతులతో నలిపి, ఈనెలు ఏరివేసి కుండలో పోసి మూతికి బట్ట గట్టెడివారు. వానకాలమున పప్పులోనికిని, మాంసములోనికిని అదియే పులుపు. పుంటికూరను, అనగా గోంగూరను, ఎండించి ఉంచుకొను ఇండ్లును కలవు. తక్కిన ఆకుకూరల విషయములో మాత్రము ఈ అలవాటు అంతగా వ్యాపింపలేదు. పెరటిలో ఎప్పుడును ఏదో ఒక ఆకు దొరకుచుండెడి కాలమున అవసరము లేకపోయి ఉండును. ఎల్.బి. నగర్ కాలనీలలో నేడు పెరడు గల ఇల్లు అరుదు. పల్లెలలో సైతము బోరు ఎండినప్పుడు మొదట ఎండునది ఆకుకూర మడియే.

ఇతర దేశముల వారును, ఇతర ప్రాంతముల వారును ఇట్టి ఉపాయమునే అవలంబించిరి. కాశ్మీరమున మంచు కురియు నెలలకై కూరలను ఎండించి దండలుగా వ్రేలాడదీయుదురు. వానిని హోఖ్ స్యున్ అందురు. నేపాళమున ఆవాల ఆకును పులియబెట్టి, ఎండించి గుంద్రుక్ చేయుదురు. ఆఫ్రికాలోని జింబాబ్వేలో ఎండిన ఆకుకూరకు ముఫుష్వా అని పేరు. మన దుకాణములలో చిన్న పొట్లములుగా అమ్ముడగు కసూరీ మేథీ కూడ ఎండిన మెంతికూరయే. నేడు పాకిస్థానులోనున్న కసూర్ పట్టణమును బట్టి దానికి ఆ పేరు వచ్చినది. మన దేశమున రాజస్థాన్‌లోని నాగౌర్ ప్రాంతము దీనికి ప్రసిద్ధము. దిల్‌సుఖ్‌నగర్ కిరాణా దుకాణములో ఆ పొట్లమునకు చెల్లించు సొమ్ముతో సాయంకాలపు బజారులో ఎన్ని మెంతికూర కట్టలు వచ్చునో గృహిణులే లెక్కించుకొనగలరు.

నీడయు, పొడి గాలియు

ఎండించుట యనగానే మండుటెండలో వేయుట అని చాలమంది తలంపు. మామిడి ఒరుగునకు అది చెల్లును. ఆకుకూరకు చెల్లదు. ఆకులోని కెరోటిన్ వెలుతురునకును, గాలిలోని ప్రాణవాయువునకును చెడిపోవు స్వభావము కలది. ఎండలో రెండు దినములు పడియున్న ఆకు తెల్లబారి గడ్డివలె అగును. ఆకుపచ్చని రంగు పోయినదనగా దానితోపాటు కెరోటిన్‌లో చాల భాగము పోయినదనియే గ్రహింపవలెను. సి విటమిను ఏ పద్ధతిలో ఎండించినను మిక్కిలి తగ్గిపోవును. ఇనుము, సున్నము వంటి ఖనిజములు మాత్రము ఎండకు పోవు.

ఆకును ఎండించునది నిజమునకు గాలి. గాలి పొడిగా ఉండి, కదలుచున్నచో నీడలోనే ఆకు గలగలలాడునట్లు ఎండును. గాలిలో తేమ నిండియున్నచో ఎంత వేడిగా ఉన్నను ఆకు మగ్గి బూజు పట్టును. హైదరాబాదు సముద్రమునకు దూరముగా దక్కను పీఠభూమిపై ఉన్నది. జనవరి చివరనుండి ఏప్రిల్ వరకు ఇచ్చటి మధ్యాహ్నపు గాలి చాల పొడిగా ఉండును. ఆకుకూర చౌకగా దొరకు కాలమును ఇంచుమించు అదియే. జూన్‌లో ఋతుపవనములు ప్రవేశించిన పిదప ఈ పనికి పూనుకొనుట వృథా. వానకాలమునకు కావలసిన ఒరుగు వానకు ముందే సీసాలో ఉండవలెను.

ఎంత ఆకు ఎండించవలెనని అడుగువారు కలరు. లెక్క సులభము. పాలకూర, తోటకూర, మెంతికూర వంటి వానిలో నూటికి 85 నుండి 90 పాళ్లు నీరే. కావున ఏరి శుభ్రము చేసిన కిలో ఆకు ఎండినప్పుడు సుమారు 100 నుండి 150 గ్రాములు మిగులును. మునగాకులో నీరు తక్కువ. కిలోకు పావుకిలో వరకు వచ్చును. నలుగురు గల కుటుంబమునకు ఒకపూట 400 గ్రాముల పచ్చి ఆకు అనుకొన్నచో, దాని స్థానమున 40 నుండి 60 గ్రాముల ఎండు ఆకు చాలును. జూలై మొదలు సెప్టెంబరు వరకు 13 వారములు. వారమునకు రెండు పర్యాయములు వండినచో 26 పర్యాయములు. అనగా పది, పదకొండు కిలోల పచ్చి ఆకును ఎండించి ఉంచుకొన్న కుటుంబము వానకాలమును గడుపగలదు. ఒకేసారి చేయనక్కరలేదు. వారమునకు రెండు కిలోల చొప్పున చేసినను నెలన్నరలో ముగియును.

అన్ని ఆకులును ఇందుకు పనికిరావు. మునగాకు, మెంతికూర, చింతచిగురు, కరివేపాకు మిక్కిలి అనుకూలము. కల్యామాకు అని మన పల్లెలలో పిలుచు ఈ కరివేపాకు ఎండినను గుణము నిలుపుకొనును. తోటకూర, పాలకూర, పుంటికూర బాగుగానే ఎండును. బచ్చలి, గంగవాయిల కూర దళసరి ఆకులు. లోపలి నీరు త్వరగా పోదు, ఈలోగా కుళ్లు పట్టును. వానిని పచ్చిగా తినుటయే మేలు. కొత్తిమీర ఎండునుగాని వాసన చాలవరకు పోవును. పుదీనా అంతకంటె నయము.

మిద్దెపై పని

ఆకు కొనునప్పుడే కొంత జాగ్రత్త వహింపవలెను. ఈ ప్రాంతమునకు చేరువనే మూసీనది ప్రవహించుచున్నది. నగరపు మురుగు కలిసిన ఆ నీటితో నది దిగువ పొలములలో పశువుల గడ్డియు, ఆకుకూరలును పెంచుట చాలకాలముగా ఎరిగిన విషయమే. సూక్ష్మజీవులు కడుగుటచేతను, ఉడుకు నీటిచేతను తగ్గునుగాని, వేళ్లద్వారా ఆకులోనికి చేరిన లోహములు కడిగినను పోవు. ఆకు ఎండి బరువు తగ్గినప్పుడు పిడికెడులో వాని పాలు ఇంకను హెచ్చును. కావున దాచుకొనదలచిన ఆకు మంచి నీటితో పెరిగినదిగా ఉండవలెను. రైతుబజారులో పండించినవారే అమ్ముచుందురు గనుక ఏ నీటితో పండించితిరని అడుగుటలో తప్పులేదు. పల్లెలో నుండువారికి ఈ చింత తక్కువ.

ముదిరిన ఆకులను, పుచ్చు పట్టినవానిని, లావుపాటి కాడలను తీసివేయవలెను. వెడల్పైన గిన్నెలో మూడు నాలుగు నీళ్లు మార్చి కడుగవలెను. అడుగున ఇసుక కనబడనంతవరకు కడుగుట మానరాదు. ఎండిన తరువాత ఆ ఇసుకను తీయుట ఎవరి తరమును కాదు. తడి కారిపోవుటకు జల్లెడలో వేసి, తరువాత నూలుబట్టపై పరచి నీటి చెమ్మ ఆర్పవలెను.

పాలకూర, తోటకూరలకు ఇప్పుడు ఒక చిన్న పని కలదు. అనేకులు దీనిని అనవసరమని విడిచిపెట్టుదురు. ఒరుగు చెడుటకు ఇది ముఖ్యకారణము. కోసిన ఆకులో ఎంజైములు అను పదార్థములు పనిచేయుచునే ఉండును. ఆకు ఎండిన తరువాత కూడ అవి పూర్తిగా నశింపక రంగును, రుచిని, కెరోటిన్‌ను కొద్దికొద్దిగా హరించును. రెండు నెలల తరువాత సీసా తెరచినచో ఎండుగడ్డి వాసన వచ్చుట దీనివలననే. ఆవిరి చూపినచో వాని శక్తి నశించును. ఇడ్లీ పాత్రలో నీరు మరగించి, ఆకును పలుచని బట్టలో వదులుగా మూటగట్టి, రెండు మూడు నిమిషములు ఆవిరిపై ఉంచవలెను. పాత్ర లేనిచో మరుగు నీటిలో ఒకటి రెండు నిమిషములు ముంచి తీసి, వెంటనే చల్లని నీటిలో వేసి వడకట్టవచ్చును. అయితే నీటిలో కరగు విటమినులు కొన్ని ఆ నీటితో పోవును గనుక ఆవిరియే శ్రేష్ఠము. రంగు నిలుచునని కొందరు వంటసోడా కలుపుదురు. రంగు నిలుచునుగాని విటమినులు చెడును, సోడా వద్దు. మెంతికూర, కరివేపాకు, పుదీనా, చింతచిగురులకు ఆవిరి అక్కరలేదు. వాని ప్రాణము వాసనలోను, పులుపులోను ఉన్నది. వేడి తగిలినచో అది తగ్గును.

ఎండబెట్టు చోటు విషయమున పల్లె కంటె నగరమునకే చిక్కులు ఎక్కువ. ఎల్.బి. నగర్ కూడలి విజయవాడ రహదారిపై ఉన్నది. రాత్రింబవళ్లు వాహనముల పొగ, దుమ్ము తప్పవు. రోడ్డువైపు బాల్కనీలో ఆకు పరచుట మంచిది కాదు. మిద్దెపైనున్న మెట్లగది ఉత్తమము. దాని తలుపును, కిటికీని తెరచి ఉంచినచో గాలి ఒకవైపునుండి మరియొకవైపునకు పారును. ఎండ మాత్రము పడదు. మెట్లగది లేనివారు నవారు మంచముపై పాత ధోవతి పరచి, దానిమీద ఆకును పలుచగా చల్లి, మూరెడు ఎత్తున ఒక చీరను పందిరివలె కట్టవచ్చును. సిమెంటు నేలమీద నేరుగా వేయరాదు. క్రింద వేడికి ఆకు మాడును. అడుగునుండి గాలి కూడ ఆడదు. మంచమైనచో రెండువైపులను గాలి తగులును. కిలో ఆకునకు సుమారు ఒక చదరపు మీటరు చోటు ఉండవలెను. ఒకదానిపై ఒకటి పడినచో నడుమనున్నది నల్లబడును. కట్టలు కట్టి దండెమున వ్రేలాడదీయుట చూచుటకు అందముగానుండును, కాని కట్ట మధ్యభాగము ఎండక మురిగిపోవును.

పైన దోమతెర వంటి పలుచని బట్ట కప్పుట తప్పనిసరి. ఈగల మాట అటుంచి, నగరమున పావురముల బెడద ఎంతటిదో మిద్దె గలవారందరును ఎరుగుదురు. పూటకు రెండు మూడు సారులు ఆకును కలియబెట్టవలెను. ప్రొద్దుగ్రుంకకముందే ఇంటిలోనికి తేవలెను. బయట విడిచినచో పగలు పోయిన తేమను రాత్రి గాలి మరల తెచ్చిపెట్టును. మార్చి, ఏప్రిల్ నెలలలో పలుచని ఆకు రెండు దినములలో సిద్ధమగును. ఆవిరి చూపిన ఆకునకు ఒక దినము అదనముగా పట్టవచ్చును. గాలి కదలనినాడు ఫ్యాను క్రింద ఉంచవచ్చును. మైక్రోవేవ్ పొయ్యిలో కరివేపాకు కొద్ది నిమిషములలో ఎండునని కొందరు చెప్పుదురు. నిజమే, అది పిడికెడు ఆకునకు సదుపాయము, పదికిలోల ఆకునకు కాదు.

ఎండినదని తెలియుటకు తక్కెడలు అక్కరలేదు. పిడికిట నలిపినచో ఆకు పొడి కావలెను. కాడ వంగక పుటుక్కున విరుగవలెను. ఆకు మెత్తగా మడతపడినచో ఇంకను తేమ కలదు. ఎండిన ఆకును వెంటనే పొడి చేయరాదు. ఆకుగా ఉన్నప్పుడు గాలి తగులు భాగము తక్కువ, పొడిలో ఎక్కువ. అందుచేత పొడి త్వరగా చెడును. కావలసినప్పుడు కావలసినంత దంచుకొనుట మేలు.

దాచుటకు ముందు ఒక పరీక్ష ఉన్నది. చల్లారిన ఆకును గాజు సీసాలో మూడుపాళ్లు నింపి బిగువుగా మూతపెట్టి వారము దినములు చూడవలెను. సీసా లోపలి గోడపై ఆవిరి పట్టినచో తేమ మిగిలియున్నదని అర్థము. తీసి మరల ఎండించవలెను. ఆవిరి లేనిచో చీకటి అలమారులో ఉంచవలెను. స్టీలు డబ్బా యైనను సరియే, మూత గట్టిగా ఉన్నచో. పెద్ద డబ్బా ఒకటి కంటె చిన్న సీసాలు అయిదారు మంచివి. వానకాలమున తెరచిన ప్రతిసారియు తడిగాలి లోనికి పోవును. తడి గరిటె, తడి చేయి లోపల పెట్టరాదు. ఈ జాగ్రత్తలతో ఆరునెలలు నిశ్చయముగా నిలుచును.

బూజు కనబడిన సీసాను ఎట్టి సంశయము లేకుండ పారవేయవలెను. పైపై బూజు తీసివేసి, మిగిలినదానిని మరల ఎండబెట్టుట లేదా వేయించుట మన ఇండ్లలో జరుగుచుండును. కొన్ని బూజులు విడుచు విషము వేపుటచేత పోదు. వందరూపాయల ఆకు పోయినదని విచారించుట ఆసుపత్రికి పోవుట కంటె నయము.

వంటలో వాడుక

ఎండు ఆకును గోరువెచ్చని నీటిలో పది పదిహేను నిమిషములు నానబెట్టినచో విప్పారును. నానిన నీటిని పారవేయక పప్పులోనే పోయవలెను. కందిపప్పులోను, జొన్న రొట్టె పిండిలోను, ఉప్మాలోను కలుపవచ్చును. పుంటికూర, చింతచిగురు పప్పునకు వేరుగా చింతపండు పని లేదు. మునగాకును, కరివేపాకును మినపప్పు, ఎండుమిరపకాయలు, వెల్లుల్లితో కలిపి పొడి కొట్టినచో అన్నములో మొదటి ముద్దకు పనికివచ్చును. ఆకు పేరు వినగానే మూతి ముడుచు పిల్లలకు అరచెంచా మునగాకు పొడి పప్పులో కలిపినచో వారు గుర్తింపరు. కెరోటిన్ కొవ్వులో కరగునది గనుక ఆకు వంటలో కొంచెము నూనె గాని నేయి గాని ఉండవలెను. ఎండుటలో సి విటమిను పోయినది గనుక తినునప్పుడు నిమ్మరసము పిండుకొనుట, లేదా జామపండు, ఉసిరికాయ తినుట మంచిది. ఇనుము ఒంటబట్టుటకు అది తోడ్పడును. భోజనముతో గాని, భోజనమైన వెంటనే గాని టీ త్రాగుట దీనికి విరుద్ధము. మన స్త్రీలలో ఈ అలవాటు ఎక్కువ.

తాజా ఆకు రుచి ఒరుగునకు వచ్చునని ఆశింపరాదు. గోంగూర పచ్చడి తాజా ఆకుతోనే చేయవలెను. మూత్రపిండములలో రాళ్లు ఏర్పడినవారు పాలకూర, తోటకూర ఒరుగులను వైద్యుని అడిగి వాడవలెను. ఆ ఆకులలోని ఆక్జాలిక్ ఆమ్లము ఎండినకొద్ది చిక్కబడును. రక్తము గడ్డకట్టకుండ వార్ఫరిన్ మాత్రలు వాడువారును అడుగవలెను. ఆకులోని కె విటమిను ఆ మందు పనిని మార్చును.

పల్లెలోని మహిళాసంఘములు దీనిని జీవనోపాధిగా ఆలోచింపదగును. బజారులో అమ్ముడు కాక మిగిలిన తాజా ఆకు ఆ రాత్రికే శుభ్రమై, మరునాడు మంచములపై పరచబడినచో పారవేయవలసిన పని లేదు. అయితే వాడి పసుపుబారిన ఆకును ఎండించి అమ్మజూచుట తగదు. చెడిన సరకు ఎండినంత మాత్రమున మంచిది కాదు. అమ్మకమునకు పూనుకొను సంఘములు 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణముల చట్టము క్రింద నమోదు చేసికొనవలెను. ఎండించు పెట్టెల విషయము, పొట్లముల విషయము తెలిసికొనుటకు సమీపమునగల కృషి విజ్ఞాన కేంద్రమును అడుగవచ్చును. అమ్మకమునకు గాని, ఇంటికి గాని, ప్రతి సీసాపై ఆకు పేరు, ఎండించిన తేదీ వ్రాసిన చీటి అంటించవలెను. ఎండిన తరువాత తోటకూరను పాలకూరను గుర్తుపట్టుట కష్టము. ముందు ఎండినది ముందు వాడుటకును ఆ చీటియే ఆధారము.